12.38 సెకన్ల మస్టాంగ్‌ది ఏ క్లాసు?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది 2019 మస్టాంగ్ జీటీ, 10 గేర్ల ఆటోమేటిక్. రోజూ ఆఫీసుకి దీంట్లోనే వెళ్తాను. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఒకటి, వెనక రెండు డ్రాగ్ రేడియల్ టైర్లు తప్ప ఇంకేమీ మార్చలేదు. పోయిన నెల టెస్ట్ అండ్ ట్యూన్ (ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు పరీక్షించుకునే) రాత్రి నాలుగు రన్‌లు చేస్తే పావు మైలుకి వరసగా 12.61, 12.38, 12.52, 12.44 వచ్చాయి. నాలుగింట్లోనూ చివరి వేగం 113 మైళ్ల దగ్గరే ఉంది. మొదటి 60 అడుగులకి పట్టిన టైము మొదటి రన్‌లో 2.09, రెండో దాంట్లో 1.94. ఇప్పుడు డ్రాగ్ రేసు పోటీకి దిగాలని ఉంది. ట్రాక్ వాళ్ల కాగితంలో సూపర్ ప్రో, ప్రో, స్పోర్ట్స్‌మన్, స్ట్రీట్ అని రాసుంది. ఒక ఫ్రెండ్ సూపర్ స్ట్రీట్ అంటాడు. ఇంకొకడు "నీది స్టాక్ కారేగా, స్టాక్ ఎలిమినేటర్‌కి వెళ్లు" అంటాడు. మూడోవాడు సూపర్‌చార్జర్ పెట్టించి 10 సెకన్లలోకి దించమంటున్నాడు. నా కారు ఎందులోకి వస్తుంది? హైదరాబాద్‌లో మా తమ్ముడికీ ఈ పిచ్చి పట్టింది, అక్కడ లెక్క ఎలా ఉంటుంది?

జవాబు: మీది స్ట్రీట్ క్లాసు. మీ ట్రాక్ కాగితంలో అది విడిగా ఉంది కాబట్టి ఇంకేం ఆలోచించకుండా అందులోనే పేరివ్వండి. ఆ రోజు స్ట్రీట్ పెట్టకపోతే స్పోర్ట్స్‌మన్. మిగతావి ఎందుకు కావో చెప్పడం తేలికే. ఎక్కువ మాట్లాడుకోవాల్సింది మీ స్లిప్‌ల గురించి, అంటే ప్రతి రన్‌కీ ట్రాక్ ఇచ్చే టైముల కాగితాల గురించి. 12.38కీ 12.61కీ మధ్య ఉన్న తేడాతో దిగితే ఏ క్లాసులో ఉన్నా మొదటి రౌండే దాటడం కష్టం.

మీ ఫ్రెండ్స్ ముగ్గురూ మూడు వేరే సంగతులు మాట్లాడుతున్నారు. డ్రాగ్ రేసింగ్‌లో క్లాసు అన్న మాటకి ఒక్క అర్థం లేదు. కొన్ని క్లాసులు కారు ఎలా కట్టారన్న దాన్ని బట్టి ఉంటాయి. కొన్నింట్లో అందరికీ కలిపి ఒకే సెకన్ల అంకె పెడతారు, దాన్ని ఇండెక్స్ అంటారు. మిగతావి బ్రాకెట్ క్లాసులు. వాటిల్లో ఎవరి అంకె వాళ్లే అద్దం మీద రాసుకుని, దానికి ఎంత దగ్గరగా పరిగెత్తారన్న దాని మీద గెలుస్తారు. మీ ట్రాక్ కాగితంలో ఉన్న నాలుగూ బ్రాకెట్ క్లాసులే.

స్టాక్ ఎలిమినేటర్ మొదటి రకం. అందులో స్టాక్ అంటే షోరూం నుంచి తెచ్చిన కారు అని కాదు. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ప్రతి మోడల్‌కీ ఒక బరువు, ఒక లెక్క కట్టిన హార్స్‌పవర్ పట్టికలో పెడుతుంది. బరువుని ఆ హార్స్‌పవర్‌తో భాగిస్తే వచ్చే అంకెని బట్టి కారుకి అక్షరం వస్తుంది. ఆ అక్షరంలో దిగేవాళ్లు ఇంజన్ మొత్తం విప్పి, రూల్ అనుమతించే ఆఖరి కొలత దాకా సరిచేసి, వెనక 9 అంగుళాల స్లిక్‌లు (గాడుల్లేని రేసు టైర్లు) వేసి, కారుని ట్రైలర్ మీద తెస్తారు. రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి అక్కడ పని లేదు.

సూపర్ స్ట్రీట్ రెండో రకం. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, సూపర్ స్ట్రీట్‌లో స్ట్రీట్ అంతే. దాని ఇండెక్స్ 10.90. ఇద్దరూ ఒకేసారి కదులుతారు, 10.90కి దగ్గరగా, దాని కిందకి పోకుండా ముందు చేరినవాళ్లది గెలుపు. అక్కడికి వచ్చే కార్లు చాలావరకు 10.90 కన్నా బాగా వేగంగా వెళ్లగలవి. థ్రాటిల్ స్టాప్ అనే పరికరంతో వాటిని మధ్యలో కాసేపు పట్టి ఉంచుతారు. మీరు ఆ అంకెకి ఇంకా సెకనున్నర దూరంలో ఉన్నారు.

ఇక మీ ట్రాక్ కాగితం. సూపర్ ప్రోకీ, ప్రోకీ, స్పోర్ట్స్‌మన్‌కీ అసలు తేడా వేగంలో కన్నా ఎలక్ట్రానిక్స్‌లో ఉంది. సూపర్ ప్రోలో డిలే బాక్స్ వాడొచ్చు. స్టార్ట్ లైన్ దగ్గర వరసగా పడే మూడు పసుపు లైట్లలో మొదటిది పడగానే డ్రైవర్ బటన్ వదిలేస్తాడు, పెట్టెలో పెట్టుకున్నంత సేపు ఆగి, కారుని అదే వదులుతుంది. కంటికి మొదటి లైటు పట్టుకోవడం మూడో లైటు కన్నా తేలిక కాబట్టి అక్కడ రియాక్షన్ టైములు (పచ్చలైటు పడ్డాక కారు కదలడానికి పట్టే సమయం) సెకనులో వందో వంతు లోపల పడుతుంటాయి. ప్రోలో డిలే బాక్స్ ఉండదు, గేర్‌బాక్స్‌తోనే కారుని కదలకుండా పట్టే ట్రాన్స్‌బ్రేక్ ఉండొచ్చా లేదా అన్నది ట్రాక్‌ని బట్టి మారుతుంది. స్పోర్ట్స్‌మన్‌లో, స్ట్రీట్‌లో కాలితో బ్రేకు తొక్కి పట్టుకుని, మూడో లైటు చూసి వదలాలి. స్ట్రీట్‌లో దానికి తోడు నంబర్ ప్లేటు, ఇన్సూరెన్సు, రోడ్డు మీద నడిపేందుకు అనుమతి ఉన్న టైర్లు అడుగుతారు. మీ డ్రాగ్ రేడియల్ పక్కన డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉంటుంది, అది చాలు. మీ మస్టాంగ్‌లో కంపెనీయే ఇచ్చిన లైన్ లాక్ బర్నౌట్ (వెనక టైర్లు నిలబడ్డ చోటే తిప్పి వేడెక్కించడం) కోసం ముందు బ్రేకులు మాత్రమే పట్టేది, దాన్ని ట్రాన్స్‌బ్రేక్ అనుకుని కంగారు పడకండి. టెక్ వాళ్లు, అంటే పోటీకి ముందు కారు చెక్ చేసేవాళ్లు, అడిగితే ఆ మాటే చెప్పండి.

ఏ క్లాసుకి ఎన్ని సెకన్ల నుంచి ఎన్ని సెకన్ల దాకా అన్నది ట్రాక్ వాళ్లే నిర్ణయిస్తారు. అందుకే ఒక ఊళ్లో స్పోర్ట్స్‌మన్ అయిన కారు ఇంకో ఊళ్లో ప్రో కావచ్చు. చూసుకోవాల్సిన మరో సంగతి, అది పావు మైలు లెక్కా, అర పావు లెక్కా అన్నది. చుట్టుపక్కల చిన్న ట్రాకులు చాలావరకు 660 అడుగులే నడుపుతాయి. 660 అడుగుల టైముని 1.55 నుంచి 1.57 వరకు దేనితోనైనా హెచ్చవేస్తే పావు మైలు టైము సుమారుగా వస్తుంది. మీ 12.38 అక్కడ 7.9 దరిదాపుల్లో ఉంటుంది. కాగితంలో "7.50 - 8.99" అని కనబడితే బెదిరిపోవద్దు, అది మీ కారుకి సరిపోయే గడే.

క్లాసు తేలాక రెండోది సేఫ్టీ గీతలు. ఇవి క్లాసుతో సంబంధం లేకుండా మీ టైముని బట్టి పడతాయి. మొదటి గీత 13.99. అంతకన్నా వేగంగా వెళ్లే ప్రతివాళ్లకీ స్నెల్ (హెల్మెట్లు పరీక్షించే సంస్థ) ముద్ర ఉన్న హెల్మెట్ కావాలి. బైకు హెల్మెట్ మీద వెనక డీఓటీ స్టిక్కర్ ఉంటే సరిపోదు, లోపల స్పాంజి ఎత్తి చూస్తే స్నెల్ స్టిక్కర్ కనబడాలి, దాని మీద ఉన్న సంవత్సరం ఇంకా చెల్లుబాటులో ఉండాలి. మీరు ఈ గీత దాటేశారు కాబట్టి హెల్మెట్ మీకు తప్పనిసరి. రెండో గీత 11.49. అక్కడి నుంచి రోల్ బార్, అయిదు చోట్ల బిగించే బెల్టులు, ఎస్‌ఎఫ్‌ఐ (రేసు సామాను ప్రమాణాల సంస్థ) ముద్ర ఉన్న జాకెట్, డ్రైవ్‌షాఫ్ట్ లూప్ లాంటివి వరసగా మొదలవుతాయి. మూడోది 9.99 లేదా 135 మైళ్ల వేగం, ఏది ముందు వస్తే అది. దానికి రోల్ కేజ్, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ లైసెన్సు కావాలి.

ఈ గీతల్లో మీ మోడల్‌కి ఒక వెసులుబాటు ఉంది. 2008 నుంచి వచ్చిన మోడళ్లలో కంపెనీ ఇచ్చిన బాడీ, ఎయిర్‌బ్యాగులు, బెల్టులు, ఏబీఎస్ అన్నీ అలాగే ఉండి పనిచేస్తుంటే రోల్ బార్ లేకుండానే 10.00 వరకు, 135 మైళ్ల లోపు వెళ్లనిస్తారు; మీలాంటి 2014, ఆ తర్వాత మోడళ్లకి లైసెన్సు ఉంటే ఆ హద్దు 9.00, 150 మైళ్ల దాకా ఉంది. హెల్మెట్ మాత్రం మానేది లేదు. బరువు తగ్గుతుందని ముందు సీట్లు మార్చి ఎయిర్‌బ్యాగ్ వైరు పీకేస్తే ఆ వెసులుబాటు పోతుంది. రేసింగ్ సీటు కొన్న ఆనందంలో ఈ సంగతి మర్చిపోయేవాళ్లు చాలామంది.

టైర్ల విషయంలోనూ ఒక చిక్కుంది. రోడ్డు టైర్ల మీద, డ్రాగ్ రేడియల్‌తో సహా, 11.49 దాకా డ్రైవ్‌షాఫ్ట్ లూప్ అడగరు. అదే కారుకి స్లిక్‌లు వేస్తే 13.99 నుంచే అడుగుతారు. షాఫ్ట్ ముందు జాయింట్ విరిగితే షాఫ్ట్ నేలకి గుచ్చుకుని కారు ఎగిరిపడకుండా పట్టే ఇనుప పట్టీ అది. స్లిక్ పట్టు ఎక్కువ, షాఫ్ట్ మీద పడే దెబ్బా ఎక్కువ. "స్లిక్‌లు వేస్తే రెండు పదో వంతులు తగ్గుతాయి" అన్న సలహా విని వెళ్తే టెక్ లైన్లోనే ఆపేస్తారు.

టెక్ చెకింగ్‌కి మీ కారుకి ఎక్కువ పనేం లేదు. బ్యాటరీ క్లాంపు కదలకూడదు. వీల్ నట్లు 150 పౌండ్-అడుగుల టార్క్ దగ్గర బిగించి ఉండాలి, డ్రాగ్ రేడియల్ కోసం వేరే రిమ్ములు వేసుంటే ఇది ముందు రోజే చూసుకోండి. కూలెంట్, ఆయిల్ ఎక్కడా కారకూడదు. ఫ్లోర్ మ్యాట్లు, డిక్కీలో జాకీ, పిల్లల సీటు, వాటర్ బాటిళ్లు తీసేయండి. ఫుల్ ప్యాంటు, చేతులున్న చొక్కా, మూసి ఉన్న బూట్లు. టెక్సాస్ ఎండలకి నిక్కరుతో వచ్చి వెనక్కి తిరిగేవాళ్లు ప్రతి వారం ఉంటారు.

ఇప్పుడు మీ స్లిప్. బ్రాకెట్‌లో 12.38 గొప్ప కాదు, 12.61 తప్పూ కాదు. రెండూ ఒకే కారు నుంచి ఒకే రాత్రి రావడం సమస్య. 113 మైళ్ల వేగం నాలుగింట్లోనూ ఒకటే అన్నారు. అంటే ఇంజన్ ప్రతిసారీ ఒకే పని చేసింది. చివరి వేగం ఇంజన్ బలాన్ని చూపిస్తుంది, టైము ఆ బలం నేలకి ఎంత దిగిందో చూపిస్తుంది. 60 అడుగుల దగ్గర 0.15 తేడా, చివర 0.23 తేడా. మొదట్లో పోగొట్టుకున్న ప్రతి పదో వంతూ చివరికి ఒకటిన్నర పదో వంతవుతుందన్న పాత లెక్క మీ స్లిప్‌లో అచ్చుగుద్దినట్టు కనబడుతోంది. తేడా మొత్తం మొదటి 60 అడుగుల్లోనే ఉంది, మిగతా 1,260 అడుగుల్లో కారు ఏ తప్పూ చేయలేదు.

డ్రాగ్ రేడియల్ మీద ఈ కారు 1.80 దగ్గరకి రావాలి. రావట్లేదంటే గాలి ఎక్కువైనా ఉండాలి, కదిలేటప్పుడు కాలు తేడాగా అయినా పడుతుండాలి. వేడి టైరులో 22 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. రన్ కోసం వరస కట్టే స్టేజింగ్ లైన్లో నించున్నప్పుడు కొలవండి, ఇంటి దగ్గర కొలిచిన అంకెకి అర్థం లేదు. రన్‌కి 2 చొప్పున తగ్గిస్తూ 60 అడుగుల టైము చూడండి. తగ్గడం ఆగిన చోట ఆపేయండి. రిమ్ము 19 అంగుళాలది అయితే టైరు గోడ పొట్టిగా ఉంటుంది, 20 కిందకి దించితే లాభం ఉండదు. 17, 18 అంగుళాల రిమ్ములకి 18 దాకా పోవచ్చు. 16 కిందకి మాత్రం వద్దు, చివర్లో 113 మైళ్ల దగ్గర కారు వెనకభాగం అటూ ఇటూ ఊగుతుంది. ఇంటికి బయల్దేరే ముందు డోరు ఫ్రేము స్టిక్కర్ మీద రాసినంత గాలి మళ్లీ నింపాలి కాబట్టి 12 వోల్టుల చిన్న పంపు డిక్కీలో ఉంచుకోండి.

బర్నౌట్ నీళ్లలో మొదలుపెట్టి, వెనక టైర్లు నీళ్లు దాటి పొడినేల మీదకి వచ్చాక ముగించండి. పొగ మేఘంలా రానక్కర్లేదు, కాస్త మసకగా లేచి టైరు రబ్బరు నిగనిగలాడితే చాలు. మూడు నాలుగు సెకన్లు, ప్రతి రన్‌కీ అంతే. ముందు టైర్లు మామూలువి కాబట్టి వాటిని నీళ్లలో తడపకండి, గాడుల్లో పట్టిన నీళ్లు స్టార్ట్ లైన్ మీద కారి మీ వెనక చక్రాల కిందకే వస్తాయి. ఏసీ ముందే ఆపేయాలి, కింద చుక్కలు పడితే లైన్ దగ్గర రన్‌లు మొదలుపెట్టించే స్టార్టర్‌కి కోపం వస్తుంది, న్యాయంగానే. ఆ తర్వాత బ్రేకు తొక్కి 1,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని, లైటుకి బ్రేకు వదిలి, యాక్సిలరేటర్ ఒక్క దెబ్బలో కాకుండా అర సెకనులో పూర్తిగా తొక్కండి. వెనక నుంచి టకటకమని చక్రాలు ఎగిరిన చప్పుడు వస్తే వెంటనే కాలు తీసేయండి. ఈ కారుకి వెనక సస్పెన్షన్ విడివిడిగా ఉంటుంది, అలా ఎగురుతున్నప్పుడు తొక్కితే హాఫ్ షాఫ్ట్ విరుగుతుంది.

టైర్ల తర్వాత టైముని మార్చేది వేడి. డిజిటల్ మీటర్లో సిలిండర్ హెడ్ టెంపరేచర్ పెట్టుకుని, ప్రతిసారీ ఒకే అంకె దగ్గర కారుని స్టార్ట్ లైన్ మీద నిలపండి. టైమ్ ట్రయల్స్‌లో, అంటే పోటీకి ముందు చేసే ప్రాక్టీసు రన్‌లలో, రన్‌కీ రన్‌కీ మధ్య ముప్పావుగంట దొరుకుతుంది కానీ, నాలుగో రౌండ్ నాటికి పది, పదిహేను నిమిషాలకే పిలుస్తారు. అందుకే ట్రయల్స్‌లో కనీసం ఒకటి కారు చల్లారకుండా చేసి, ఎంత నెమ్మదిస్తుందో ముందే తెలుసుకోవాలి. పెట్రోలూ లెక్కే. కారులో 100 పౌండ్ల బరువుకి సుమారు పదో వంతు సెకను. ట్యాంకులో సగం ఖాళీ అయితే దాదాపు 48 పౌండ్లు తగ్గుతాయి, అంటే 0.05 సెకను. ఒక రౌండ్ పోవడానికి అది చాలు. పావు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి మధ్యలో ఒక్కో గాలన్ పోసుకోండి.

డయల్-ఇన్ సంగతి, అంటే అద్దం మీద మీరు రాసుకునే అంకె. తెల్ల షూ పాలిష్‌తో అద్దం మీద మీ నంబరు, క్లాసు అక్షరం, కింద పెద్దగా 12.40 అని రాస్తారు. ఎదుటి లేన్లో 14.10 రాసుకున్న పికప్ ఉంటే దానికి ముందు పచ్చలైటు పడుతుంది, మీకు 1.70 సెకన్లు ఆలస్యంగా. ఇద్దరూ చెప్పిన అంకె చెప్పినట్టే పరిగెత్తితే గీత దగ్గరకి కలిసే వస్తారు. ఇక గెలుపు రెండు చిన్న అంకెల కూడిక మీద ఉంటుంది. మీ రియాక్షన్ .120, రన్ 12.43 అనుకోండి, .120కి .030 కలిపితే .150. పికప్ రియాక్షన్ .060, రన్ 14.17, కలిపితే .130. మీ 460 హార్స్‌పవర్ మీద పికప్ .020తో గెలిచింది. మరో రౌండులో మీరు ఎదుటివాణ్ని దాటుతూ ఉత్సాహంగా తొక్కి 12.38 చేశారనుకోండి, మీరు ముందు చేరినా మీరే ఓడారు, రాసిన దానికన్నా వేగంగా వెళ్లారు కాబట్టి. దాన్ని బ్రేకౌట్ అంటారు. ఇద్దరూ బ్రేకౌట్ అయితే తక్కువ తేడాతో అయినవాళ్లు గెలుస్తారు. పచ్చలైటు కన్నా ముందు కదిలితే రెడ్ లైట్, దానికి తిరుగులేదు.

మీరు మొదటి పోటీకి ఏం రాయాలి? టైర్లు సరిచేశాక వచ్చే మూడు ట్రయల్స్ మధ్య తేడా 0.05 సెకను లోపు ఉంటే వాటిలో వేగమైనదే రాయండి. ఉదాహరణకి 12.27, 12.24, 12.26 వస్తే 12.24. సాయంత్రం పోటీ అయితే ఇంకో మాట: డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనే అంకె ఫోన్ యాప్‌లో దొరుకుతుంది, వేడి, తేమ, గాలి ఒత్తిడి కలిపి గాలి ఎంత పలచగా ఉందో అడుగుల్లో చెప్తుంది. టర్బో లేని మీలాంటి కారుకి అది వెయ్యి అడుగులు పడితే దాదాపు పదో వంతు సెకను తగ్గుతుంది. అయిదింటికి రాసిన 12.24తో తొమ్మిదింటికి దిగితే ఇంజన్ తనంతట తనే మిమ్మల్ని బ్రేకౌట్ చేస్తుంది. ప్రతి రౌండుకీ ముందు ఆ అంకె చూసి పాలిష్ తుడిచి మళ్లీ రాసుకోవచ్చు, లేన్లోకి వెళ్లేలోపు.

రియాక్షన్ టైముకి వచ్చే సరికి, బ్రాకెట్‌లో పసుపు లైట్లు మూడూ అర సెకను చొప్పున ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, ఇంకో అర సెకనుకి పచ్చ. పచ్చ చూసి కదిలితే అప్పటికే .2 దాటుతుంది. మూడో పసుపు వెలగడం మొదలవగానే వదలాలి. మీ కాలు, కారు కదలడానికి పట్టే సమయం ఆ అర సెకనుని తినేస్తాయి. కారు స్టార్ట్ లైన్ మీదకి వచ్చిందని చూపే స్టేజ్ లైటు వెలిగీ వెలగనట్టు ఉన్న చోటే ఆగండి, ప్రతిసారీ అక్కడే. ఇంకా లోపలికి వెళ్తే రియాక్షన్ కాస్త బాగుపడుతుంది, రన్ టైము కాస్త పెరుగుతుంది, రెండూ మారితే డయల్-ఇన్‌కి అర్థం ఉండదు. అవతల కారు ముందు వెళ్లిపోయినా వెనక నుంచి దూసుకొస్తున్నా మీ లైట్లు మాత్రమే చూడండి. రెండు లేన్ల మధ్య గీత దాటితే అనర్హులవుతారు.

బ్రాకెట్ కాక మీ కారుకి నిజంగా కుదిరే చోటు ఇంకొకటుంది. ఫోర్డ్ కార్ల కోసం జరిగే ఎన్‌ఎంఆర్‌ఏ పోటీల్లో ట్రూ స్ట్రీట్ అని పెడతారు. అందరూ కలిసి 30 మైళ్లు రోడ్డు మీద నడిపి వచ్చి, బానెట్ ఎత్తకుండా మూడు రన్‌లు వెంటవెంటనే చేయాలి. మూడింటి సగటు చూస్తారు. అందరికన్నా వేగమైనవాళ్లకే కాక 9, 10, 11 నుంచి 15 సెకన్ల దాకా ఒక్కో సెకనుకి ఒక్కో బహుమతి ఉంటుంది, ఆ అంకెకి దగ్గరగా, దాని కిందకి పోకుండా సగటు వచ్చినవాళ్లకి. మీ నాలుగు రన్‌ల సగటు 12.49. 12 సెకన్ల బహుమతికి మీరు 12.0 దగ్గర ఉండాలి. టైర్లతో రెండు పదో వంతులు తగ్గితే 12.2 దాకా వస్తారు, చలికాలం గాలికి ఇంకా దగ్గరవుతారు.

మూడో ఫ్రెండ్ సూపర్‌చార్జర్ సలహా. లెక్క చూద్దాం. మీతో కలిపి కారు 3,900 పౌండ్లు, 460 హార్స్‌పవర్. బరువుని హార్స్‌పవర్‌తో భాగించి, దాని ఘనమూలాన్ని 5.825తో హెచ్చవేస్తే పావు మైలు టైము వస్తుంది, మీకు 11.9 దాకా. అంటే ఇప్పుడున్న ఇంజన్‌లోనే మీరు నేలకి దించని అర సెకను ఉంది. 700 హార్స్‌పవర్ చేసి, 50 పౌండ్ల సూపర్‌చార్జర్ బరువు కలిపితే 10.4, 131 మైళ్లు. 135 గీతకి నాలుగు మైళ్లే ఎడం. చల్లటి రాత్రి ఒక్క మంచి రన్ వచ్చిందా, లైసెన్సు లేనందుకు ఇంటికి పంపేస్తారు. రోల్ కేజ్ పెట్టిద్దామన్నా, ఆఫీసుకి వెళ్లే కారులో తల పక్కన ఇనుప గొట్టాలు పెట్టుకోవడం హెల్మెట్ లేనప్పుడు ప్రమాదం. పైగా ఆ కారుని స్ట్రీట్ నుంచి ప్రోలోకి తోసినా తోస్తారు, అక్కడ ఇరవై ఏళ్లుగా ఒకే కారుతో రియాక్షన్ సాధన చేసినవాళ్లు ఉంటారు. ఇంకా ఒకటి: టెక్సాస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ, కాలిన్, డెంటన్, డల్లాస్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్లు లేని హెడర్లు (పొగ గొట్టాలు), అనుమతి లేని ట్యూన్ పెట్టిస్తే రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుంటారు. మీ ఇన్సూరెన్సు పాలసీలో రేసింగ్ మినహాయింపు పేరా కూడా ఒకసారి చదవండి, ట్రాక్ మీద జరిగిన దెబ్బకి చాలా పాలసీలు డబ్బివ్వవు.

మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు మస్టాంగ్‌ల కన్నా టెస్లాలే ఎక్కువ కాబట్టి వాళ్ల కోసం ఒక మాట. మోడల్ 3 పర్ఫార్మెన్స్ 11 సెకన్ల కారు, పైన చెప్పిన వెసులుబాటు దానికీ వర్తిస్తుంది, హెల్మెట్‌తో సహా. నాలుగు చక్రాలూ తిప్పే కారు కాబట్టి నీళ్ల గుంట పక్క నుంచి వెళ్లాలి. టైము మార్చేది బ్యాటరీ శాతం, ప్రతి రౌండుకీ ఒకే శాతం దగ్గర ఉండేలా చూసుకోవాలి. కొన్ని ట్రాకులు వాటికి వేరే క్లాసు పెడతాయి, ఎంట్రీకి ముందే ఫోన్ చేసి అడగాలి. ఇక ఇంట్లో ఉన్నది 15 సెకన్ల క్యామ్రీ అయినా స్ట్రీట్ బ్రాకెట్‌లో నిశ్చింతగా దిగొచ్చు, నెమ్మది కారు తేడా లేకుండా నడుస్తుంది, గెలుస్తుంది కూడా.

మీ తమ్ముడి సంగతి. మన దేశంలో కార్ల డ్రాగ్ పోటీలు మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ గుర్తింపుతో జరుగుతాయి, అక్కడ క్లాసులు సెకన్ల మీద కాక ఇంజన్ సీసీ మీద, స్టాకా మార్పులు చేసిందా అన్న దాని మీద ఉంటాయి. డయల్-ఇన్ లేదు, వేగమైనవాడిదే గెలుపు. కాబట్టి అతను ముందు తన ఆర్‌సీలో సీసీ చూసుకోవాలి, ఆ తర్వాత ఏ మార్పు చేస్తే స్టాక్ గ్రూపు నుంచి బయటపడతాడో ఆ పోటీ రూల్స్ కాగితంలో చదవాలి, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) ఒక్కటి చేయించినా గ్రూపు మారిపోవచ్చు. పోటీ లైసెన్సు ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రాక్టీసు అన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానిపించండి, మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల జైలు దాకా, లేదా 5,000 రూపాయల జరిమానా దాకా పడొచ్చు. మీకూ అదే మాట: టెక్సాస్‌లో రోడ్డు మీద రేసు క్రిమినల్ నేరం, వీసా స్టాంపింగ్ ఫారంలో అరెస్టు అయ్యారా అని ఒక గడి ఉంటుంది. టెస్ట్ అండ్ ట్యూన్ ఎంట్రీ ఆ గడి కన్నా చాలా చవక.